కంపైలరు జెండాల కైఫీయతు

కైఫీయతు అనే మాట మన ప్రాంతపు చరిత్ర చదివేవారికి కొత్తది కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ సర్వే పనుల మీద దక్షిణాపథమంతా తిరుగుతూ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటి తెలుగువారి సాయంతో ఊరూరా రాయించి పోగుచేసిన గ్రామ వృత్తాంతాలవి. ఊరెవరు కట్టారు, చెరువెవరు తవ్వించారు, గుడికి మాన్యమెంత, ఏ ప్రభువు నాట శిస్తు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది – ఇవన్నీ కరణం తనకు తోచిన వరుసలో, తనకు తెలిసినంత మేర చెప్పుకుపోతాడు. మెకంజీ 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో పోయాడు, కైఫీయతులు మిగిలాయి. రాజుల చరిత్ర రాసేవారికి అవి చిల్లర సరుకు. నాకు మాత్రం ఆ చిల్లరలోనే మోజు.

ఈ టపాలో నేను చెప్పబోయేది ఊరి కైఫీయతు కాదు. ఒక ప్రోగ్రామింగు భాషను దాని మూలం నుంచి కట్టుకునేటప్పుడు కంపైలరుకు ఇచ్చే ఆజ్ఞల కైఫీయతు. వాటిని ఇంగ్లీషు మాటతో ఫ్లాగులంటారు; నేను జెండాలంటాను. (స్విచ్ అనేవారూ ఉన్నారు. 1967లో ఏ.ఎస్.రావుగారి ఆధ్వర్యంలో మన హైదరాబాదులో ఈసీఐఎల్ వెలసి, 12 బిట్ల టీడీసీ-12ను తయారుచేసిన తరానికి స్విచ్చే దగ్గరి మాట.) చదువరులకు ఒక మనవి: జెండాల పేర్లను కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. పనికి దిగేవారు వాటిని రోమను అక్షరాల్లోకి తిప్పుకోవడం కష్టం కాదు.

నేనుండేది ఖాజాగూడలో. ఒకనాడు శేరిలింగంపల్లి మండలంలో ఓ చిన్న ఊరు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచాక, ఆ తర్వాత గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దారులు వెడల్పయ్యాక, ఊరి చుట్టూ అద్దాల మేడలు లేచాయి. ఫక్రుద్దీన్ గుట్ట మాత్రం అలాగే ఉంది. బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, అనంతపద్మనాభస్వామి గుడి ఒకే రాళ్ళ నీడన ఉన్న గుట్ట అది. ఆ గ్రానైటు వయసు రమారమి 250 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అటువంటి రాతి పక్కన కూర్చుని, ఇరవై ఏళ్ళైనా నిండని ఒక ప్రోగ్రాము అప్పుడే పురావస్తువైపోయిందని చెప్పడం కొంచెం హాస్యాస్పదమే. కానీ సంగతి అదే.

మా వీధిలో ఒక మాస్టారు ఉండేవారు. తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు, కడప సీమవారు. తన ప్రాంతపు కైఫీయతులను కొన్నిటిని చేతిరాత ప్రతుల నుంచి ఎత్తి రాసుకుని, పాఠాంతరాలతో, వివరణలతో, 2007 ప్రాంతంలో కంప్యూటరులోకి ఎక్కించారు. ఆ రోజుల్లో యూనికోడుతో ఆయనకు ఒక చిక్కు వచ్చింది. కైఫీయతుల్లో శిస్తు లెక్కలుంటాయి. ఆ లెక్కల్లో వీసము, పరక, మువ్వీసము, పాతిక, ముక్కాలు వంటి భిన్నాలను చూపే పాత గుర్తులుంటాయి. వీసమంటే పదహారో వంతు, పరక ఎనిమిదో వంతు. నాలుగుతో భాగించుకుంటూ పోయే చక్కని పద్ధతి మన కరణాలది. ఆ గుర్తులకు యూనికోడులో చోటు దొరికింది 2008లో, 5.1 వెలువడినప్పుడు. మాస్టారు అంతవరకూ ఆగలేదు. ఆయన మేనల్లుడొకరు, అప్పట్లో ఈ ఐటీ దారిలోనే ఒక ఆఫీసులో పనిచేసేవారు, ఓ పాత తరహా ఫాంటుకు ఆ గుర్తులన్నీ చేర్చి ఇచ్చారు. మాస్టారు ఆ ఫాంటులోనే టైపు చేశారు. తర్వాత యూనికోడులోకి మార్చుకునేందుకు మేనల్లుడే పైథాను భాషలో ఒక చిన్న ప్రోగ్రామూ, వేగం కోసం సీ భాషలో ఒక మాడ్యూలూ రాశారు. మార్చే పని నాలుగో వంతు జరిగిందో లేదో, మాస్టారి ఆరోగ్యం దెబ్బతిన్నది. 2011లో ఆయన పోయారు.

గత ఏడాది వారి అమ్మాయి నాకో సీడీ తెచ్చి ఇచ్చారు. "నాన్న రాసింది ఇందులో ఉందండి. తెరిస్తే అంతా పిచ్చి గీతల్లా కనిపిస్తోంది. అచ్చువేయించాలని అమ్మ కోరిక," అన్నారు. ఫైళ్ళు ఉన్నాయి. ఫాంటు లేదు. పైథాను ప్రోగ్రాము ఉంది. సీ మాడ్యూలు తాలూకు మూలం లేదు. దాన్ని కంపైలు చేయగా వచ్చిన యంత్రభాష ఫైలు ఒక్కటే ఉంది. విదేశంలో ఉన్న మేనల్లుడికి ఫోను చేస్తే, "సోర్సు ఆఫీసు లాప్‌టాప్‌లో ఉండేదన్నా. మానేసేటప్పుడు అది తిరిగిచ్చేశాను. మామయ్యకి పని జరుగుతోంది కదా అని ఊరుకున్నాను," అన్నారు. ఏ జెండాలతో కట్టావయ్యా అంటే, "గుర్తు లేదన్నా, ఏది పనిచేస్తే అది," అన్నారు. కరణం చెప్పినట్టే ఉంది.

పేరున్న పాత ఫాంట్లకైతే మార్పిడి పరికరాలు ఎన్నో ఉన్నాయి. ఇది ఒక ఇంటి ఫాంటు. ఏ సంకేతం ఏ అక్షరమో ఆ యంత్రభాష ఫైలుకే తెలుసు. దాన్ని మళ్ళీ నడిపించాలి. నడిపించాలంటే అది ఏ పైథానులో పుట్టిందో ఆ పైథానును, అది పుట్టిన తీరులోనే కట్టాలి.

ఇక్కడే శాసన పరిశోధకుల పద్ధతి అక్కరకొచ్చింది. రాయి మీద తేదీ చెరిగిపోతే లిపిని బట్టి కాలం కడతారు. నా దగ్గరున్న ఆధారాలు మూడు. మొదటిది, ప్రోగ్రాము పక్కనే మిగిలిపోయిన ఒక పైథాను ముందస్తు కంపైలు ఫైలు. అటువంటి ఫైళ్ళ మొదటి రెండు బైట్లు ఆ పైథాను రాజముద్ర. ఇందులో ఉన్నవి బీ3, ఎఫ్2. తిరగవేసి చదివితే 62131. అది 2006 సెప్టెంబరులో వెలువడిన పైథాను 2.5 ముద్ర. రెండవది, మాడ్యూలు ఫైలు తల: 32 బిట్లది, ఇంటెల్ 386 కుటుంబానిది. మూడవది, కంపైలరు తన పేరు చెక్కి వెళ్ళే వ్యాఖ్య భాగం. అందులో జీసీసీ 4.1.2, ఉబుంటు అని ఉంది. 2007 ఏప్రిల్ నాటి ఉబుంటు 7.04లో ఉన్నది ఆ కంపైలరే, అందులోని పైథానూ 2.5యే. కోరినవారికి ఉబుంటు సీడీలు ఉచితంగా తపాలాలో పంపే కాలమది. బహుశా అలా వచ్చిన సీడీనే అయివుంటుంది.

నాలుగో ఆధారమూ ఒకటుంది గాని, దానికంటే ముందు జెండాల పుట్టుక చెప్పాలి.

బెల్ లాబ్స్‌లో యునిక్సు పుట్టిన నాటి టెలిటైపులు సెకనుకు పది అక్షరాలు కొట్టేవి. కొట్టే ప్రతి అక్షరమూ బరువే. అందుకే ఆ సంప్రదాయంలో ఆజ్ఞలు పొట్టివి: ఒక అడ్డగీత, ఒక అక్షరం. -ఓ పెద్దక్షరమైతే మెరుగుపరచమని, చిన్నక్షరమైతే ఫలితం పేరు ఇదీ అని. -సీ అంటే కంపైలు చేసి ఆగమని. -ఎల్ అంటే ఫలానా లైబ్రరీ కలపమని. ఏ పేరూ చెప్పకపోతే ఫలితానికి ఏ.అవుట్ అని పేరు పెట్టేది. అది అసెంబ్లరు ఫలితమన్న మాటకు పొట్టి రూపం. అసెంబ్లరు వెనక్కి వెళ్ళిపోయాక కూడా ఆ పేరు యాభై ఏళ్ళుగా నిలిచే ఉంది. మన ఊళ్ళలో చెరువు పూడి కాలనీ లేచినా దాన్ని చెరువు కట్ట అనే పిలుస్తాం చూశారా, అటువంటిదే.

1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే పరికరం రాశాడు. ఏ ఫైలు మారితే ఏది మళ్ళీ కంపైలు చేయాలో అది చూసుకుంటుంది. దానితోపాటే సీఫ్లాగ్స్ అనే పేరు వాడుకలోకి వచ్చింది: సీ కంపైలరుకు ఇవ్వవలసిన జెండాలన్నీ కట్టగట్టి ఉంచే సంచి. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీని విడుదల చేశాడు. అప్పటికి ఒక్కో కంపెనీ యునిక్సుకు ఒక్కో కంపైలరు, ఒక్కోదానికి ఒక్కో జెండా వరుస. ఒకే మూలాన్ని ఇన్ని రాజ్యాల్లో నడిపించడం ప్రాణసంకటమై, 1991లో డేవిడ్ మెకంజీ అనే ఆయన ఆటోకాన్ఫ్‌ను మొదలుపెట్టాడు. (ఈ మెకంజీ వేరు. కానీ పని పోలికను గమనించండి: ఊరూరూ తిరిగి ఇక్కడేముంది, ఏం లేదు అని రాసుకోవడమే.) కాన్ఫిగర్ అని మనం నడిపే పత్రం ఆటోకాన్ఫ్ సంతానం. అది చిన్నచిన్న ప్రోగ్రాములు అప్పటికప్పుడు రాసి, కంపైలు చేసి చూసి, పాసైతే ఉంది, తప్పితే లేదు అని నమోదు చేసుకుంటుంది. ఈ తప్పితే లేదు అన్న మాట దగ్గరే తర్వాతి కష్టాలకు బీజం పడింది.

మన తెలుగు కూడా అదే సంధికాలంలో తెరమీదకు వచ్చింది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, యూనికోడు ఊసులేని రోజుల్లో, రోమను లిపిలో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందించారు; ముక్కవిల్లివారి తెలుగుటెక్ వచ్చింది. విశ్వవిద్యాలయపు యునిక్సు యంత్రాల మీద సోర్సు దించుకుని ఎవరికి వారు కంపైలు చేసుకోవడం ఆనాటి ఆచారం. 2006లో వచ్చిన లేఖినిలో మనం టైపు చేస్తున్న వరుస కూడా ఆ ఆర్‌టీఎస్ వంశమే.

తిరిగి నా పనికి వస్తాను. పాత ఉబుంటునే వర్చువల్ మిషనులో నిలబెట్టవచ్చు గదా అని అడిగేవారుంటారు. వచ్చు. కానీ ఆ డిస్కు ప్రతి చెడితే కథ మళ్ళీ మొదటికే వస్తుంది. మూలం నుంచి కట్టే విధానం నాలుగు పంక్తుల్లో రాసి పెడితే, ఆ కాగితం అచ్చు ప్రతితోపాటే భద్రంగా ఉంటుంది. అదీకాక, అంగరక్షణ లేని పాత వ్యవస్థను నెట్టుకు తగిలించి ఉంచడం నాకిష్టం లేదు.

మొదటి జెండా -ఎం32. 64 బిట్ల యంత్రం మీద 32 బిట్ల కోడు పుట్టించమని. దీన్నిచ్చి కాన్ఫిగర్ నడపగానే సాధారణంగా వచ్చే జవాబు, సీ కంపైలరు ఎక్జిక్యూటబుల్‌ను తయారుచేయలేకపోతోంది అని. కొత్తవారిని హడలగొట్టే వాక్యమిది. కంపైలరే చెడిపోయిందనుకుని దాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించేవారున్నారు. కంపైలరుకు ఏమీ కాలేదు. కాన్ఫిగ్.లాగ్ అనే ఫైలు తెరవాలి. దాని అడుగున పేజీల కొద్దీ చరరాశుల పట్టిక ఉంటుంది, అది కాదు చూడవలసింది. మధ్యలో విఫలమైన ప్రోగ్రాము ఇదీ అన్న చోటు వెతికి, దానికి సరిగ్గా పైనున్న పంక్తి చదవాలి. అక్కడ అసలు సంగతి దొరుకుతుంది: 32 బిట్ల లైబ్రరీలు ఈ యంత్రం మీద లేవని. మల్టీలిబ్ పొట్లం ఎక్కిస్తే ఆ గండం తీరుతుంది.

ఆ జెండాను ఎక్కడ కట్టాలన్నది రెండో ప్రశ్న. సీఫ్లాగ్స్‌లో పెట్టడం లోకాచారం. పైథాను 2.5 ఆ ఆచారాన్ని సగమే పాటిస్తుంది. కాన్ఫిగర్ తన పరీక్షలకు మీరిచ్చిన సీఫ్లాగ్స్ వాడుకుంటుంది. తీరా మేక్‌ఫైలు రాసేటప్పుడు వాటిని పక్కనబెట్టి, బేస్‌సీఫ్లాగ్స్, ఆప్ట్ అనే తన సొంత సంచులతో కొత్త సీఫ్లాగ్స్ కట్టుకుంటుంది. అంటే కొలతలు 32 బిట్ల లెక్కన తీసి, ఇల్లు 64 బిట్ల లెక్కన కడుతుంది. ఫలితంగా కంపైలు మధ్యలో, లాంగ్‌బిట్ నిర్వచనం ఈ వేదికకు తప్పుగా కనిపిస్తోంది, జీసీసీ గాని జీలిబ్‌సీ గాని చెడి ఉండవచ్చు అనే అర్థం వచ్చే పొరపాటు వాక్యం పడుతుంది. నింద జీసీసీ మీదకు పోయింది గాని దోషం దానిది కాదు. లాంగ్ అనే సంఖ్య వెడల్పు కొలిచిన చోట ఒకటి, కట్టిన చోట ఇంకొకటి, అంతే. ఎన్నో ఏళ్ళుగా ఎందరో ఈ వాక్యం దగ్గర ఆగిపోయారు. మందు చిన్నదే: జెండాను సంచిలో కాక కంపైలరు పేరులోనే కలిపేయాలి. సీసీ అంటే జీసీసీ -ఎం32 అని చెబితే, కొలిచేవాడూ కట్టేవాడూ ఒకడే అవుతాడు.

మూడోది కాలదోషం. 1999 నాటి సీ ప్రమాణం, ముందుగా ప్రకటించని ఫంక్షనును పిలవడం కూడదని తేల్చింది. కంపైలర్లు మాత్రం పాతికేళ్ళపాటు హెచ్చరికతో సరిపెట్టాయి. ఆపిల్ వారి ఎక్స్‌కోడ్ 12తో 2020లో, జీసీసీ 14తో 2024 మే నెలలో అది పొరపాటుగా మారింది. నా యంత్రం మీదున్నది జీసీసీ 14. సూటిగా ఆగిపోయే పొరపాటైతే భయం లేదు, కనబడుతుంది. భయమంతా కాన్ఫిగర్ పరీక్షలతో. ఆనాటి పరీక్షా ప్రోగ్రాముల్లో ఎగ్జిట్‌ను ప్రకటించకుండా పిలవడం మామూలే. ఇప్పుడవి కంపైలు కావు. కాన్ఫిగర్ దానికి చింతించదు. ఫలానా సౌకర్యం ఈ యంత్రంలో లేదని ప్రశాంతంగా రాసుకుని ముందుకు పోతుంది. కరణం ఊరికి రాకుండానే చెరువు లేదని దస్త్రంలో రాసినట్టు. కట్టుబడి పూర్తవుతుంది, లోపల ఒక అంగం లోపించి ఉంటుంది. దీనికి -ఎస్‌టీడీ=గ్నూ89 అనే జెండా: ఈ మూలాన్ని 1989 నాటి కళ్ళతో చదువు అని. దాన్ని కూడా సీసీలోనే కలిపాను, పరీక్షలకూ వర్తించాలి గనుక. (2025 ఏప్రిల్‌లో వచ్చిన జీసీసీ 15 ఏకంగా 2023 నాటి సీనే తన మామూలు భాషగా తీసుకుంది. ఇకమీదట పాత మూలం కట్టేవారికి ఈ జెండా ఎప్పుడూ చేతిలో ఉండాల్సిందే.)

నాలుగోది మరీ సూక్ష్మం. 2008 చివర్లో వచ్చిన ఉబుంటు 8.10 నుంచి కంపైలరు తనంతట తానే ఒక కాపలాను చేరుస్తుంది, ఫోర్టిఫై సోర్స్ అని. బఫరు హద్దు దాటితే ప్రోగ్రామును అక్కడికక్కడే చంపేస్తుంది. మంచి కాపలాయే. కానీ 2.5 నాటి పైథాను ఆ కాపలా ఉబుంటులో మామూలు కాకముందు రాసినది. కట్టాక నడుపుతుంటే బఫరు పొంగిందని కేకవేసి కూలిపోయేది. -యూ అనే జెండాతో ఆ కాపలాను తొలగించాలి. కాపలా తొలగించడం మంచి పనేనా అంటే, నెట్టుకు తగలని గదిలో, మనకు తెలిసిన ఫైళ్ళ మీద, ఒక్క పని కోసం, పరవాలేదని నా అభిప్రాయం. రోజూ వాడే పైథానుకు ఎవరూ ఇలా చేయకూడదు.

మరి రెండు జెండాలు చేర్చాను, వాటి కథ వేరు. 1999లో వచ్చిన జీసీసీ 2.95 నుంచి, రెండు వేర్వేరు రకాల సూచికలు ఒకే చోటును చూడవనే ఊహ మీద కంపైలరు మెరుగులు దిద్దసాగింది. పైథాను 2 శ్రేణి అంతా ఒకే వస్తువును రెండు రకాలుగా చూడడం మీదే నిలబడింది. కాబట్టి -ఎఫ్‌నో-స్ట్రిక్ట్-ఎలియాసింగ్ దానికి ఊపిరి. దీన్ని భాషలోనే సరిదిద్దాలని మార్టిన్ ఫాన్ లోవిస్ 2007లో పెప్ 3123 అనే ప్రతిపాదన రాశాడు, పైథాను 3లో అది అమలైంది. రెండోది -ఎఫ్‌వ్రాప్‌వీ: సంఖ్య పొంగితే చుట్టుతిరిగి వస్తుందని కంపైలరుకు మాటివ్వడం. అది లేకపోతే, పొంగడం ఎన్నడూ జరగదనుకుని కంపైలరు పొంగు పరీక్షలనే కొట్టిపారేయవచ్చు. ఈ రెండూ పొరపాటు వాక్యాలు తెప్పించే జెండాలు కావు; లేకపోతే మౌనంగా తప్పు లెక్కలు తెప్పించేవి. శిస్తు లెక్కల పుస్తకానికి అది మరీ ప్రమాదం.

ఇక దాచిపెట్టిన నాలుగో ఆధారం. మాడ్యూలు తన యజమాని నుంచి ఏయే ఫంక్షన్లు కోరుతోందో ఎన్ఎం అనే పరికరం జాబితా ఇస్తుంది. అందులో యూనికోడు పనుల పేర్లన్నిటిలో యూసీఎస్4 అని ఇమిడి ఉంది. 2012లో 3.3 వచ్చేవరకూ పైథానును రెండు తీరుల్లో కట్టేవారు: యూనికోడు అక్షరానికి రెండు బైట్ల చొప్పున, లేదా నాలుగు బైట్ల చొప్పున. తెలుగు అక్షరాలన్నీ రెండు బైట్లలోనే ఇమిడిపోతాయి, కాబట్టి భేదమేముందనిపిస్తుంది. భేదం అక్షరాల్లో కాదు, పేర్లలో. నాలుగు బైట్ల పైథాను కోసం కట్టిన మాడ్యూలు రెండు బైట్ల పైథానులో ఎక్కదు. యూసీఎస్4 అన్న పేరు దొరకలేదని తిప్పికొడుతుంది. పైథాను 2.5 ఏమీ చెప్పకపోతే రెండు బైట్లే ఎంచుకుంటుంది. డెబియన్, ఉబుంటులవారు తమ పైథాన్లను నాలుగు బైట్లతో కట్టారు. కాబట్టి కాన్ఫిగర్‌కు -- ఎనేబుల్-యూనికోడ్=యూసీఎస్4 అని చెప్పాలి. ఈ సంగతి మేనల్లుడికి తెలిసి ఉండదు, తెలియవలసిన అవసరమూ ఆనాడు లేదు. ఆయన మరచినదాన్ని ఫైలు గుర్తుపెట్టుకుంది.

పుట్టినప్పటి జెండాలను ఇలా గుర్తుపెట్టుకోవడం అన్నిసార్లూ మేలు చేయదు. 2014 మార్చిలో ఆపిల్ ఎక్స్‌కోడ్ 5.1 ఇచ్చినప్పుడు ప్రపంచమంతటా పైథాను, రూబీ మాడ్యూళ్ళు కట్టేవారు ఒక్కసారిగా ఆగిపోయారు. అప్పట్లో మాక్ యంత్రాలతో వచ్చిన పైథాను తన జాతకంలో -ఎంనో-ఫ్యూజ్డ్-మాడ్ అనే పాత జెండాను రాసుకుని ఉండేది. తనకు ఎవరు మాడ్యూలు కట్టబోయినా దాన్నే అందించేది. అంతవరకూ తెలియని జెండాను చూసీ చూడనట్టు వదిలేసిన క్లాంగ్, ఆ విడుదలలో పొరపాటుగా లెక్కించింది. ఎవరూ కొత్తగా ఏ జెండా ఎత్తలేదు, ఎత్తినవారు ఎప్పుడో వెళ్ళిపోయారు, తగాదా మాత్రం మిగిలింది.

జీసీసీది ఇంకో విచిత్రం. హెచ్చరిక వద్దు అని చెప్పే -డబ్ల్యూనో జాతి జెండాల్లో తనకు తెలియనిది కనిపిస్తే ఊరుకుంటుంది. కానీ అదే ఫైలులో వేరే పొరపాటేదైనా వస్తే, అప్పుడు ఈ తెలియని జెండా గురించి కూడా ఫిర్యాదు చేస్తుంది. చూసేవారు ఆ ఫిర్యాదే అసలు రోగమనుకుని దాని వెంట పడతారు. పై పంక్తి చదవండి. రోగం అక్కడుంటుంది.

యూనికోడు ప్రియులకు మరొకటి. జెండాలను పుస్తకం నుంచో ఉత్తరం నుంచో ఎత్తి అతికిస్తే, టైపు సాఫ్ట్‌వేరు అందం కోసం అడ్డగీతను పొడుగు గీతగా మార్చి ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. కంపైలరుకు పొడుగు గీత జెండా కాదు, ఫైలు పేరు. –ఓ2 అనే ఫైలు లేదని జవాబిస్తుంది. లేని ఫైలును ఎవరడిగారని తలపట్టుకోవాల్సి వస్తుంది. అందుకే ఈ టపాలోని జెండాలను నేరుగా అతికించుకోవద్దని మనవి (తెలుగు లిపిలో ఉన్నాయి గనుక ఆ ప్రమాదం ఎలాగూ లేదు).

కట్టుబడి పూర్తయింది. జీలిబ్, ఎస్ఎస్ఎల్ మాడ్యూళ్ళు తయారు కాలేదని చివర్లో చెప్పింది. నాకు వాటితో పనిలేదు. మాడ్యూలును పిలిస్తే ఎక్కింది. మొదటి ఫైలు ఇవ్వగా, పిచ్చి గీతల్లోంచి ఒక గ్రామం పేరు, దాని కింద చెరువు కట్టించిన వైనం, దాని కింద శిస్తు పట్టిక వచ్చాయి. తెలుగంతా చక్కగా ఉంది. భిన్నాల గుర్తులున్న చోట మాత్రం ఖాళీ పెట్టెలు. ఇది ముందే ఊహించినదే: 2007లో యూనికోడు వాటికి చోటివ్వలేదు గనుక, మేనల్లుడు వాటిని సొంత వాడుక ప్రాంతంలోని సంఖ్యలకు కేటాయించారు. పెట్టె ఖాళీ అయినా సంఖ్య భద్రంగా ఉంది.

ఏ సంఖ్య ఏ గుర్తో చెప్పే పట్టిక లేదు. లెక్కలే చెప్పాయి. కైఫీయతులోని ప్రతి పట్టికకూ కింద మొత్తం ఉంటుంది. మొత్తం సరిపోవాలంటే ఈ పెట్టె వీసమే కావాలి, ఆ పెట్టె పరకే కావాలి అని కూడుకుంటూ పోతే, ఏడు గుర్తులూ, ధాన్యం కొలతకు వాడే తూము గుర్తూ తేలాయి. వాటిని 2008 నాటి యూనికోడు స్థానాలకు మార్చే పది పంక్తుల ప్రోగ్రామును నేటి పైథానులోనే రాశాను. రెండు పట్టికల్లో మాత్రం మొత్తం కుదరలేదు. తప్పు మార్పిడిదా, మాస్టారి ప్రతిదా, లేక ఆనాటి కరణందేనా అని చూడటానికి ఆ రెండు పుటల చేతిరాత నోటుపుస్తకం వెతికించాను. నోటుపుస్తకంలోనూ అదే లెక్క ఉంది. పక్కన మాస్టారు పెన్సిలుతో, మూలంలో ఇంతే, అని రాసుకున్నారు. అచ్చులో కూడా అలాగే ఉంచమని వారి అమ్మాయికి చెప్పాను.